నల్లమల నడకకు ముందు కర్నూలులో నాలుగు రాత్రులు

చిరంజీవి నాయనకు, కోడలికి, కర్నూలు నుంచి మీ పెద్దనాయన ఆశీర్వదించి వ్రాయునది.

శివరాత్రికి ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం దారిన, నల్లమల గుండా శ్రీశైలం నడిచి రావాలని మీరిద్దరూ సంకల్పించుకున్నందుకు చాలా సంతోషం. అయితే డల్లాసులో విమానమెక్కి శంషాబాదులో దిగి, ఒక్క రాత్రి హైదరాబాదులో మీ మామగారి ఇంట్లో ఉండి, మరునాడే ఆత్మకూరు చేరి నడక మొదలుపెడతామని నీవు వేసుకున్న లెక్క మాత్రం నాకు నచ్చలేదు. చలికాలంలో డల్లాసుకూ మనకూ 11 గంటల 30 నిమిషాల తేడా ఉంటుంది, అంటే అక్కడి పగలు ఇక్కడి రాత్రి. ఒంట్లోని గడియారం రోజుకు సుమారు ఒక గంట చొప్పున మాత్రమే జరుగుతుందంటారు. ఆ లెక్కన మీ ఒళ్లు పూర్తిగా సర్దుకోవడానికి వారం పైనే పట్టాలి. అంత సెలవు మీకు లేదని నాకు తెలుసు. కాబట్టి కనీసం నాలుగు రాత్రులు కర్నూలులో, ఐదో రాత్రి ఆత్మకూరులో గడిపేటట్లు టికెట్లు ముందుకు జరుపుకోండి.

ఎనిమిదేళ్ల క్రితం టెక్సాసులో మనవడిని చూసి తిరిగి వచ్చిన మూడో రోజే, ఎవరు చెప్పినా వినకుండా, నేను ఇదే దారిన నడిచాను. నాగలూటి వీరభద్రస్వామి గుడి దాకా హుషారుగానే సాగాను. పెద్దచెరువు గట్టున మధ్యాహ్నం మూడు గంటలకు మూట విప్పి కూర్చున్నాను. మనకు మూడు గంటలంటే అక్కడ తెల్లవారుజామున మూడున్నర. రొట్టెలో గురెళ్ల పొడి పెట్టుకుని నోటి దాకా తీసుకుపోయిన చెయ్యి అక్కడే ఆగిపోయిందట, నేను కూర్చున్నచోటే నిద్రలోకి జారుకున్నానట. పక్కనున్న శివస్వామి ఒకాయన భుజం తట్టి లేపేసరికి పొడి అంతా పంచె మీద పడి ఉంది. ఆ రాత్రి అందరూ గుర్రుపెట్టి నిద్రపోతుంటే నేను ఒక్కణ్ణీ కళ్లు తెరుచుకుని చెరువు కప్పల అరుపులు వింటూ పడుకున్నాను. మరునాడు భీముని కొలను మెట్లు దిగుతుండగా కళ్లు మూతపడి, లేని మెట్టు మీద కాలు మోపాను. మోకాలికి కండువా బిగించి కట్టి, ఇద్దరు చెరొక రెక్కా పట్టుకుని నన్ను కైలాస ద్వారం దాకా ఎక్కించారు. ఆ లోయలో దిగిన మెట్లకు ఎక్కే మెట్లు ఏమాత్రం తీసిపోవని అప్పుడు తెలిసింది.

జాగరణకు ఎలాగూ రాత్రి మెలకువ కావాలి గదా, ఆ తేడా మనకు కలిసివస్తుందని నీవు తమాషాకు అంటావేమో. లింగోద్భవ వేళ దీపాలన్నీ ఆర్పి స్వామివారి విమాన గోపురానికి పాగా చుట్టే ఘట్టాన్ని చూడాలంటే మెలకువ కావాల్సిందే. కానీ అంతకుముందు అడవిలో 40 కిలోమీటర్లకు పైగా పగటిపూట తెలివితో నడవాలి. అది పులుల అభయారణ్యం. గుంపు ముందుకు సాగిపోయాక చెట్టుకింద కునుకు తీసే చోటు కాదు. ఫోను కూడా చాలాచోట్ల పలకదు.

ఇక ఎక్కడ ఉండాలన్న మాట. హైదరాబాదులో మీ మామగారి ఇంట్లో మిమ్మల్ని నిద్రపోనివ్వరు. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ, విందులూ, నగల అంగడికి ప్రయాణాలూ ఉంటాయి. వాటిని తిరుగు ప్రయాణానికి వాయిదా వేయండి. శ్రీశైలం సత్రాలలో బ్రహ్మోత్సవాల నాళ్లలో గది దొరకడమే గగనం, దొరికినా మైకు మోత ఆగదు. మహానందిలో కోనేటి నీళ్లు చూస్తేనే బడలిక తీరుతుంది, నాకు ఎంతో ఇష్టమైన చోటు. కానీ శివరాత్రికి అక్కడా ఉత్సవమే. ఆత్మకూరులో నాలుగు రాత్రులు ఉండే వసతి ఆ రోజుల్లో కష్టం. కర్నూలు అయితే విమానాశ్రయం నుంచి నేరుగా జాతీయ రహదారిపై సుమారు 200 కిలోమీటర్లు, హైదరాబాదు నగరంలోకి అడుగు పెట్టనక్కరలేదు. మీరు బండి నడపవద్దు, డ్రైవరును మాట్లాడుకోండి.

మా ఇంట్లోనే దిగమని చెప్పాలని నోటి దాకా వస్తున్నది, కానీ చెప్పను. అమెరికా నుంచి వచ్చారని తెలిస్తే మా వీధి వీధంతా మా వరండాలోనే ఉంటుంది. ఊరిలో ఒక హోటలు గది తీసుకోండి, కానీ బస్టాండు వైపూ బళ్లారి చౌరస్తా వైపూ వద్దు. గది అడిగేటప్పుడు తూర్పు కిటికీ ఉన్నదీ, రోడ్డుకు వెనకగా ఉన్నదీ అడగండి. ఒకసారి మా బంధువులకు నేను మాట్లాడి పెట్టిన లాడ్జి గది కింద తెల్లవార్లూ పెళ్లి బ్యాండు మోగింది, ఆ మాట నన్ను ఇప్పటికీ అంటుంటారు. అందుకే ఈసారి నేనే ముందుగా పోయి కింద కళ్యాణమండపం ఉందేమో చూసి వస్తాను.

దిగిన రోజు ఎంత నిద్ర ముంచుకొచ్చినా మధ్యాహ్నం అరగంటకు మించి పడుకోవద్దు, ఫోనులో అలారం పెట్టుకోండి, ఆ కునుకు కూడా మూడు గంటలు కొట్టకముందే. సాయంత్రం కొండారెడ్డి బురుజు చుట్టూ నాలుగు అడుగులు వేసి, ఎనిమిదిన్నరకు తిని, తొమ్మిదిన్నర దాకా ఎట్లాగో కళ్లు తెరిచి ఉంచండి. రాత్రి రెండు గంటలకు మెలకువ తప్పకుండా వస్తుంది, ఆకలి కూడా వేస్తుంది. ఒక అరటిపండు తిని, దీపం వేయకుండా, ఫోను ముట్టకుండా పడుకోండి. నిద్రపట్టకపోయినా ఒళ్లు వాల్చి ఉంటే చాలు. మధ్యాహ్నం తరువాత కాఫీ వద్దు. నిద్రమాత్ర మాత్రం మీ డాక్టరు చెప్పనిదే వేసుకోవద్దు.

పొద్దున ఎండే దీనికి అసలు మందు. రెండో రోజు నుంచి ఆరున్నరకల్లా బయట ఉండండి. ఒక రోజు తుంగభద్ర గట్టున, మరొక రోజు జగన్నాథ గట్టు మీద నడవండి. శ్రీశైలం ప్రాజెక్టు ముంపు నుంచి కాపాడి తెచ్చి ఆ గట్టు మీద తిరిగి కట్టిన పాత శివాలయం అక్కడ ఉన్నది. అడవిలో వేసుకోబోయే చెప్పులూ బూట్లే అప్పుడు వేసుకోండి. అంతసేపు విమానంలో కూర్చున్నాక పాదాలు ఉబ్బి ఉంటాయి, రెండు రోజులు గడిస్తే గాని బూటు సరిపోయినదీ లేనిదీ తెలియదు.

ఉగ్గాని బజ్జీ మీద నీకున్న మోజు నాకు తెలుసు. మొదటి రెండు రోజులూ ఉగ్గాని తిను, బజ్జీ వదిలెయ్యి. నీళ్లు, పలుచని మజ్జిగ ఎక్కువగా తాగండి. అన్నం వేళలు మన గడియారం ప్రకారమే ఉండాలి, ఆకలి లేకపోయినా రెండు ముద్దలు తినాలి, కడుపు కుదిరితే నిద్ర కూడా త్వరగా కుదురుతుందని నా అనుభవం. మీ పెద్దమ్మ రోజూ క్యారియరు పంపుతానంటున్నది.

నాలుగు రాత్రులయ్యాక మధ్యాహ్నం బయలుదేరి నందికొట్కూరు మీదుగా ఆత్మకూరు చేరదాం. అక్కడ ఒక్క రాత్రికి నాకు తెలిసిన వాళ్ల మిద్దె మీద చోటు ఉంది, చాపలూ దుప్పట్లూ మేమే తెస్తాము. తెల్లవారుజామున ఆటోలో వెంకటాపురం. అడవిలోకి ప్లాస్టిక్ సీసాలు తేనివ్వరు, స్టీలు సీసాలు మీరే తెచ్చుకోండి. నేను వెంకటాపురం దాకా వచ్చి వెనక్కు తిరుగుతాను, మోకాలు ఇక ఒప్పుకోదు.

కోడలు జొన్నరొట్టె తింటుందా, లేక చపాతీలు చేయాలా అని మీ పెద్దమ్మ అడగమన్నది. టికెట్లు మార్చుకున్న తేదీతో పాటు అది కూడా వ్రాయి.

ఇట్లు,
మీ పెద్దనాయన