పానా పెట్టె: ఫ్రేమ్ వెనక దాక్కున్న బోల్టు

ప్రశ్న: మేస్త్రిగారూ, మాది బేతంచెర్ల. నాది 2014 మోడల్ 150 సీసీ బండి, కార్బొరేటర్‌ది. కార్బొరేటర్‌కూ ఇంజిన్‌కూ మధ్య ఉండే రబ్బరు మానిఫోల్డ్ చీలి గాలి లాగుతోంది. యాక్సిలరేటర్ వదిలినా ఇంజిన్ అరుస్తూనే ఉంది. కొత్తది తెచ్చుకున్నాను. ఇంజిన్ హెడ్‌కు ఉన్న రెండు బోల్టుల్లో బయటిది సులభంగా వచ్చేసింది. లోపలిది ఫ్రేమ్ పైపు వెనక ఉంది, చెయ్యి పట్టదు. పది నంబర్ ఓపెన్ పానా పెడితే జారి ఒక మూల అరిగింది. ఇంట్లోనే వస్తుందా, షెడ్డుకు తోసుకుపోవాలా?

జవాబు: ఇంట్లోనే వస్తుంది తమ్ముడూ. ఆ ఓపెన్ పానాను మాత్రం పెట్టెలో పడేయండి. అది బోల్టు తలను రెండు పక్కలే పట్టుకుంటుంది. బిగుసుకున్న బోల్టు మీద జారక ఏం చేస్తుంది?

మీరు రాయలేదు గానీ, ట్యాంకు దించకుండానే పని మొదలుపెట్టి ఉంటారు. అందరూ అంతే. ట్యాంకు దించే కాసేపు మిగుల్చుకుందామని చూసి, సాయంత్రమంతా సందులో చెయ్యి పెట్టి వేళ్లు గీరుకుంటారు. చాలా బండ్లకు సీటు కింద, ట్యాంకు వెనక ఒకట్రెండు బోల్టులే ఉంటాయి. ముందు వైపు రబ్బరు బుడిపెల మీద కూర్చుని ఉంటుంది. పెట్రోల్ కాక్ మూసి, పైపు పీకి, మీటరు వైరు సాకెట్ విప్పి, వెనక్కి లాగితే వచ్చేస్తుంది. నిండు ట్యాంకైతే ఇంకొకరిని పిలవండి. పైపులోంచి కాస్త పెట్రోల్ కారుతుంది కాబట్టి దగ్గరలో పొయ్యి గానీ బీడీ గానీ ఉండకూడదు. బ్యాటరీ నెగటివ్ వైరు కూడా తీసేయండి. కార్బొరేటర్ ఇంకా బండి మీదే ఉంటే దాన్నీ తప్పించండి. అప్పుడు ఫోన్‌లో టార్చి వేసి, ఆ సందులో పెట్టి వీడియో తీసి చూడండి. బోల్టు తల ఎటు తిరిగి ఉందో తెలియకుండా పానా ఎంచుకోలేం.

నా షెడ్డు కర్నూలులో. బేతంచెర్ల బండి లోపలికి వచ్చిందంటే నేను ముందు అందుకునేది పాత టూత్‌బ్రష్. మీ ఊరి నాపరాళ్ల పాలిష్ దుమ్ము ఇంజిన్ ఆయిల్ చెమ్మతో కలిసి బోల్టు తల చుట్టూ గట్టిగా పేరుకుంటుంది. దాని మీద సాకెట్ (బోల్టు తలను చుట్టూ పట్టుకునే గొట్టం పానా) పెడితే సగమే దిగుతుంది, మూలలు అరిగేది అందుకే. కిరోసిన్‌తో రుద్ది, సైకిల్ పంపుతో గాలి కొట్టండి. తర్వాత తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయండి. బోల్టు స్టీలు, హెడ్ అల్యూమినియం. ఆ రెండు లోహాల మధ్య చెమ్మ చేరితే మరల్లో తెల్లటి పొడి కట్టి పట్టేస్తుంది. స్ప్రే అందులోకి దిగడానికి టైమ్ కావాలి.

పొద్దున పది నంబర్ సాకెట్ తీసుకోండి. లోపల ఆరు మూలలే ఉన్నది కావాలి, పన్నెండు మూలలది అరిగిన తల మీద జారుతుంది. పావు అంగుళం డ్రైవ్‌దైతే (పిడి దూరే చదరపు రంధ్రం సైజు అది) సన్నగా ఉండి సందులో దూరుతుంది. దానికి పొడుగు ఎక్స్‌టెన్షన్ తగిలించి, ఎదుటి పక్క నుంచి ఫ్రేమ్ సందులోంచి తిన్నగా పోనివ్వండి. తిన్నగా దారి లేకపోతేనే మధ్యలో యూనివర్సల్ జాయింట్ (ఎటైనా వంగే కీలు ముక్క) వేయండి. అది వేలాడకుండా ఇన్సులేషన్ టేపు ఒక చుట్టు చుడితే చెప్పిన మాట వింటుంది. కోణం ఎక్కువైతే మాత్రం మొదటి పట్టు విప్పడానికి జాయింట్ పనికిరాదు, బలమంతా పక్కకు పోతుంది.

ముందు బిగించే వైపు కొంచెం నెట్టి, ఆ తర్వాత విప్పే వైపు తిప్పండి. తల మరీ అరిగి ఉంటే మూడు బై ఎనిమిది అంగుళాల (డ్రైవ్ కాదు, నోటి సైజు) సాకెట్‌ను సుత్తితో తట్టి ఎక్కించండి. అది తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు, గట్టిగా కరుచుకుంటుంది. ఒక్కసారి కదిలిందంటే మిగతాదంతా ఓపికే. రాట్చెట్ (సాకెట్ తీయకుండానే అటూ ఇటూ ఆడిస్తూ తిప్పే పిడి) కొనేటప్పుడు పళ్లు లెక్కడగండి. 24 పళ్లదానికి ప్రతిసారీ 15 డిగ్రీలు తిరిగే చోటు కావాలి, 72 పళ్లదానికి ఐదు చాలు. వంద ముక్కల డబ్బా సెట్టు కొనే డబ్బుతో మంచివి ఈ నాలుగు ముక్కలు కొనుక్కోండి.

మానిఫోల్డ్ ఊడగానే ఇంజిన్ రంధ్రంలో శుభ్రమైన గుడ్డ కుక్కండి. ఆ రంధ్రంలో వాషర్ పడితే హెడ్ విప్పాల్సి రావచ్చు.

పాత బోల్టు మళ్లీ వేయకండి. అదే పొడుగు, అదే మరలున్న ఎలన్ బోల్టు (తలలో ఆరుమూలల గుంట ఉన్నది) వేయండి. గుండు మొన ఎలన్ కీ అయితే కాస్త వాలుగా పెట్టినా తిరుగుతుంది. తల గుంటలో గ్రీజు నింపితే మీ దుమ్ము చేరదు. బోల్టు తలకు బిగుతుగా పట్టే రబ్బరు పైపు ముక్క తొడిగి, ఆ పైపునే వేళ్లతో తిప్పుతూ మర ఎక్కించండి. వంకర పడితే పైపే జారుతుంది, అల్యూమినియం మర చెడదు. రెండు బోల్టులూ కొంచెం ఇది, కొంచెం అది అన్నట్టు బిగించండి. ఆరు మిల్లీమీటర్ల బోల్టుకు సుమారు 10 న్యూటన్ మీటర్లు చాలు, అంటే చిన్న కీతో మణికట్టు బలమే.

ప్రశ్న: అన్నా, ఆదోని నుంచి రాస్తున్నాను. సైలెన్సర్ బెండు నట్టు విప్పుతుంటే ఇంజిన్‌లోంచి స్టడ్డే (తల లేకుండా రెండు కొసలా మరలున్న బోల్టు) నట్టుతో సహా ఊడి వచ్చింది. ఇంజిన్ పాడైనట్టా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: విరగలేదు కదా, టెన్షన్ ఎందుకు? స్టడ్డు మరకు అల్యూమినియం ముక్కలు అంటుకుని లేకపోతే ఇంజిన్ మర బాగున్నట్టే. నట్టును వేరుచేసి, స్టడ్డు మరలను వైరు బ్రష్‌తో రుద్దండి. మర సాగినా, సన్నబడినా కొత్త స్టడ్డు తెచ్చుకోండి. బయటి కొసకు రెండు నట్లు వేసి ఒకదానికొకటి ఎదురు బిగించండి. ఇప్పుడు పై నట్టుకు పానా పెట్టి తిప్పితే స్టడ్డు లోపలికి ఎక్కుతుంది. కూర్చున్నాక రెండు నట్లూ విడదీసి తీసేయండి. బెండు నట్లు వేసే ముందు మరలకు కాపర్ గ్రీజు రాయండి, మామూలు గ్రీజు ఆ వేడికి కాలిపోతుంది.