ఫోర్ బై ఫోర్‌కి రెండు లక్షలు ఎక్కువ పెట్టాలా?

ప్రశ్న: మాది పాడేరు దగ్గర ఊరు, ఉద్యోగం విశాఖలో. నాన్న కాఫీ తోట చూసుకుంటారు. నెలకి రెండుసార్లు చోడవరం, మాడుగుల మీదుగా వెళ్లొస్తాం. తారు రోడ్డు దిగాక తోట దాకా నాలుగు కిలోమీటర్లు మట్టిదారి, మధ్యలో ఒక నిటారు ఎక్కుడు, వానాకాలం నాలుగు నెలలూ బురదే. మహీంద్రా థార్ రాక్స్ డీజిల్ అనుకుంటున్నాం. అందులో ఎంఎక్స్5 వేరియంట్ ఫోర్ బై ఫోర్ (ఇంజిన్ బలం నాలుగు చక్రాలకీ వెళ్లేది), ఏఎక్స్7ఎల్ వేరియంట్ టూవీల్ డ్రైవ్ (వెనక రెండు చక్రాలకే వెళ్లేది) దాదాపు ఒకే ధర చెప్తున్నారు. ఫోర్ బై ఫోర్ అయితే వానలో ఘాట్ రోడ్డు మీద కూడా పట్టు ఎక్కువని షోరూంలో అన్నారు. మా బావమరిది అదంతా దండగ అంటున్నాడు. ఏది తీసుకోవాలి?
– పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ముందు షోరూం వాళ్ల మాట పక్కన పెట్టండి, అది తప్పు. ఈ బండిలో ఉన్నది పార్ట్‌టైం ఫోర్ బై ఫోర్, అంటే అవసరమైనప్పుడు మాత్రమే మనం వేసుకునేది. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్యలో వాటిని వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ లేదు కాబట్టి ఫోర్ హైలో (నాలుగు చక్రాలూ, మామూలు గేర్లు) పెడితే రెండూ ఒకే వేగంతో తిరగాల్సిందే, కానీ మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనక చక్రాల కన్నా ఎక్కువ దూరం వెళ్లాలి, ఆ తేడా బురదలోనో ఇసుకలోనో అయితే టైరు కొంచెం జారి సర్దుకుంటుంది, తారు మీద సర్దుకోదు, స్టీరింగ్ బిగుసుకుపోతుంది, గేర్ల మీద ఒత్తిడి పడుతుంది. అందుకే పాడేరు ఘాట్‌లో హెయిర్‌పిన్ మలుపుల దగ్గర వాన పడుతున్నా మీరు టూ హైలోనే, అంటే వెనక చక్రాల బలంతోనే నడుపుతారు. అంటే అక్కడ మీ బండీ టూవీల్ డ్రైవ్ బండీ ఒక్కటే. ఘాట్‌లో కాపాడేది మంచి టైర్లు, ఈఎస్‌సీ (బండి జారబోతే తనంతట తానే బ్రేకులు వేసి అదుపు చేసే ఏర్పాటు), ముఖ్యంగా మీ వేగం. ఈఎస్‌సీ, 6 ఎయిర్‌బ్యాగులు రాక్స్‌లో అన్ని వేరియంట్లలోనూ ఉన్నాయి. బ్రేకు వేసినప్పుడు ఆగే దూరం కూడా ఫోర్ బై ఫోర్ వల్ల ఒక్క అడుగు తగ్గదు, ఎందుకంటే బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకీ ఉంటాయి. చాలామంది ఇక్కడే మోసపోతారు.

ఇక ఖర్చు. 2024 ఆగస్టులో బండి వచ్చినప్పుడు ఎంఎక్స్5 డీజిల్ మాన్యువల్ టూవీల్ డ్రైవ్ 16.99 లక్షలు, అదే ఫోర్ బై ఫోర్ 18.79 లక్షలు, ఏఎక్స్7ఎల్ టూవీల్ 18.99 లక్షలు. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ మారాక ధరలు దిగాయి, ఇవాళ్టి ధర షోరూంలో అడగండి, మనకి కావాల్సింది ఎంఎక్స్5లో టూవీల్‌కీ ఫోర్ బై ఫోర్‌కీ మధ్య తేడా. అప్పటి ధరల్లో అది 1.80 లక్షలు, దాని మీద లైఫ్ ట్యాక్స్ 18 శాతం అనుకుంటే 2.12 లక్షలు అవుతుంది. 9 శాతం వడ్డీకి ఐదేళ్ల లోన్ అయితే నెలకి సుమారు 4,400, మొత్తం 2.64 లక్షలు. వానాకాలం నాలుగు నెలలకి 8 ట్రిప్పులు, ఐదేళ్లకి 40. ఒక్కో బురద ట్రిప్పుకి 6,600 రూపాయలు! అమ్మేటప్పుడు కొంత వెనక్కి వస్తుంది, నిజమే, కానీ ఇన్సూరెన్స్ కొంచెం ఎక్కువ, డీజిల్ కొంచెం ఎక్కువ, ముందు చక్రాలకి బలం పంపే ట్రాన్స్‌ఫర్ కేసుకీ ముందు డిఫరెన్షియల్‌కీ ఆయిలు మార్చే ఖర్చు అదనం. ఈ లెక్క మాత్రమే చూస్తే మీ బావమరిదిదే కరెక్ట్. కాఫీ పళ్లు కోసేది ఎలాగూ నవంబరు తర్వాత, అప్పటికి దారి ఆరిపోతుంది, బస్తాలు మామూలు బండిలో దించుకోవచ్చు.

కానీ మీ ఉత్తరంలో ఒక విషయం లేదు. నాన్నగారు రాత్రిళ్లు తోటలోనే పడుకుంటారా, తారు రోడ్డు మీదున్న ఊళ్లోనా? ఊళ్లోనే అయితే ఫోర్ బై ఫోర్ వద్దు, ఏఎక్స్7ఎల్ కూడా వద్దు, ఎంఎక్స్5 టూవీల్ డ్రైవ్ తీసుకుని ఆ రెండు లక్షలు మిగుల్చుకోండి, బాగా వాన పడిన రోజు బండి ఊళ్లో ఆపి నడవండి. తోటలోనే ఉంటారంటే మాత్రం నేను ఆలోచించకుండా ఫోర్ బై ఫోర్ తీసుకోమంటాను. ఆగస్టులో అర్ధరాత్రి ఆయనకి ఒంట్లో బాగోకపోతే ఆ నాలుగు కిలోమీటర్లు దాటించేది అదే, దానికి ట్రిప్పు లెక్కలు పనికిరావు. ఒకసారి ఇలాంటి ఎర్రమట్టి ఎక్కుడులో టూవీల్ డ్రైవ్ బండి వెనక్కి జారుతుంటే బ్రేకు మీద నిలబడ్డా ఆగలేదు, పొద్దున ట్రాక్టరు వచ్చేదాకా అక్కడే కూర్చున్నాం, బండిలో పెద్దవాళ్లు ఉన్నారు. ఆ భయం నాకు ఇంకా గుర్తుంది.

ఫోర్ బై ఫోర్‌లో మీకు అసలు ఉపయోగపడేది ‘ఫోర్ లో’, అంటే నాలుగు చక్రాల్నీ నెమ్మదిగా, ఎక్కువ బలంతో తిప్పే గేరు. ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడు దాని విలువ తెలుస్తుంది, మొదటి గేరులో పెట్టి బ్రేకు ముట్టుకోకుండా వదిలితే ఇంజినే బండిని మెల్లగా పట్టి దింపుతుంది. వెనక లాకింగ్ డిఫరెన్షియల్ (వెనక చక్రాలు రెండిటినీ కలిపి తిప్పేది) ఒక చక్రం గాల్లో తిరుగుతున్నప్పుడు వాడి, బయటపడగానే తీసేయండి. టైర్లలో గాలి 20 పీఎస్‌ఐ దాకా తగ్గిస్తే బురదలో పట్టు బాగా పెరుగుతుంది, కాకపోతే తారు ఎక్కే ముందు మళ్లీ నింపాలి, కాబట్టి గాలి కొట్టే చిన్న మిషను డిక్కీలో ఉండాల్సిందే. ఎంఎక్స్5కి 18 అంగుళాల చక్రాలు, ఏఎక్స్7ఎల్‌కి 19. చిన్న చక్రానికి టైరు గోడ 13 మిల్లీమీటర్లు ఎక్కువ, రాళ్ల దారిలో అదే మంచిది. ఎండాకాలంలో కూడా నెలకోసారి మట్టిదారిలో ఫోర్ హై వేసి కాస్త తిప్పండి, లోపల ఆయిలు ఆడాలి.

ప్రశ్న: నా దగ్గర టూవీల్ డ్రైవ్ ఎస్‌యూవీ ఉంది. బండిని 2 అంగుళాలు పైకి లేపే లిఫ్ట్ కిట్, పెద్ద మడ్ టైర్లు, ముందు బుల్ బార్ (ఇనప కమ్మీల గార్డు) వేయిద్దామనుకుంటున్నా. పొలానికి వెళ్లడానికే.
– పాఠకుడు, సిద్దిపేట

జవాబు: బుల్ బార్ వద్దే వద్దు. 2017 డిసెంబరులోనే కేంద్రం వాటిని ఆపమని రాష్ట్రాలకి రాసింది, పాదచారులకి ప్రాణాంతకం. లిఫ్ట్ కిట్ వేస్తే బండి ఎత్తు పెరిగి మలుపుల్లో ఒరుగుతుంది, వారంటీ దగ్గర పేచీ వస్తుంది, ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకుండా చేస్తే క్లెయిమ్ దగ్గర ఇంకా పెద్ద పేచీ. మడ్ టైర్లు హైవే మీద హోరెత్తిస్తాయి, తడి రోడ్డు మీద ఆగడానికి ఎక్కువ దూరం తీసుకుంటాయి. మీరు రోజూ తిరిగేది రాజీవ్ రహదారి మీద కదా. కంపెనీ సైజులోనే, తారుకీ మట్టికీ పనికొచ్చే ఆల్ టెరైన్ టైర్లు వేయించండి, పొలం దారికి అవి చాలు. నీళ్లలోంచి వెళ్లే పనుంటే ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్ ఆన్ ఉందో లేదో చూసుకోండి, మామూలు పాలసీలో ఇంజిన్లోకి నీళ్లు పోతే చాలావరకు డబ్బు రాదు.

ప్రశ్న: ఫోర్డ్ బ్రాంకో ఎస్‌యూవీ కొంటున్నాను, దాంతో వచ్చే ఆఫ్‌రోడ్ సామాను, శాస్‌క్వాచ్ ప్యాకేజీ తీసుకోనా? రోజూ ఆఫీసుకి హైవే, ఏడాదికి ఒకటో రెండో క్యాంపింగులు.
– పాఠకుడు, డల్లాస్

జవాబు: వద్దు. 35 అంగుళాల టైర్లు, రెండు ఇరుసులకీ లాకింగ్ డిఫరెన్షియల్స్, బిల్‌స్టీన్ కంపెనీ షాక్ అబ్జార్బర్లు, నెమ్మదిగా ఎక్కువ బలం ఇచ్చే గేర్లు, ఇవన్నీ కొండరాళ్లు ఎక్కేవాళ్లకి నిజంగా మంచి సామాను, విడివిడిగా కొంటే ప్యాకేజీ ధర కన్నా ఎక్కువే అవుతుంది. మీరు మాత్రం రోజూ ఆ టైర్ల హోరు వింటూ, పెట్రోలు ఎక్కువ పోయిస్తూ వెళ్లాలి. అవి అరిగాక కొత్త సెట్టు ధర ఎంతో ఇప్పుడే ఒక టైర్ షాపులో అడగండి, స్టెప్నీతో కలిపి ఐదు.