గుండె జబ్బు తరువాత వ్యాయామం: నాన్నగారికీ అన్నయ్యకూ ఒకటే పనికివస్తుందా?

మీ నాన్నగారికి 68 ఏళ్లు, స్టెంటు వేసి రెండు నెలలైంది, అలిపిరి నుంచి కాలినడకన కొండకు వస్తానని మొక్కుకున్నారు. మీ అన్నయ్యకు 41 ఏళ్లకే గుండెపోటు వచ్చింది, ఇప్పుడు మళ్లీ జిమ్‌కు వెళ్లాలని తొందరపడుతున్నారు. ఇద్దరి వ్యాయామాన్నీ వయసును బట్టి మార్చాలా అని అడిగారు. నేను వైద్యుణ్ణి కాను. తిరుపతిలో ఉంటూ 56వ ఏట బైపాస్ చేయించుకున్నవాణ్ణి, గుండె బలహీనపడిన మా అమ్మను కొన్నేళ్లు చూసుకున్నవాణ్ణి. ఆ అనుభవం మేరకు చెబుతాను.

వ్యాయామం ఎంత చేయాలన్నది వయసును చూసి నిర్ణయించరు. ఎకోలో (గుండెకు చేసే స్కానింగులో) గుండె పంపింగ్ ఎంత ఉంది, మిగతా రక్తనాళాల్లో అడ్డంకులు ఉన్నాయా, ట్రెడ్‌మిల్ పరీక్షలో ఎంతవరకు వెళ్లగలిగారు, జబ్బుకు ముందు ఒంటికి ఏపాటి శ్రమ అలవాటు అన్నవి చూసి నిర్ణయిస్తారు. పొలం పనికి అలవాటుపడిన 70 ఏళ్ల రైతు, కుర్చీలో కూర్చుని పనిచేసే 40 ఏళ్ల ఉద్యోగికన్నా ఎక్కువ దూరం నడవడం ఆసుపత్రి వరండాలో నేను చూశాను. అక్కడ ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలరో కొలిచే పరీక్ష ఒకటి చేయిస్తారు, అందులో వయసు లెక్కలు ఇట్టే తారుమారవుతాయి. అయితే ఆ వ్యాయామం ఏ లోటును పూడ్చాలన్నది మాత్రం వయసును బట్టి మారుతుంది.

అమెరికాలో గుండె రోగులకు పునరావాస కార్యక్రమం అంటే సాధారణంగా 12 వారాల పాటు, మొత్తం 36 సార్లు, నిపుణుల సమక్షంలో చేసే వ్యాయామం. దానితోపాటు మందులు, ఆహారం, పొగ మానడం, మనసులోని భయం కూడా చూసుకుంటారు. మన వైపు చాలామందికి డిశ్చార్జి కాగితం మీద ‘రోజూ నడవండి’ అన్న ఒక్క మాటే మిగులుతుంది. ఎంత సేపు, ఎంత వేగంగా, ఎప్పుడు ఆపాలి అని మనమే అడిగి రాయించుకోవాలి. ఆసుపత్రిలో ఫిజియోథెరపీ విభాగం ఉంటే కనీసం మొదటి కొన్ని వారాలైనా అక్కడికి వెళ్లడం మంచిది.

చాలామంది 220లోంచి వయసు తీసేసి, వచ్చిన అంకెను బట్టి చేతి గడియారంలో గుండె వేగం చూసుకుంటూ నడుస్తారు. మెటోప్రొలాల్ వంటి బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారికి ఈ లెక్క పనికిరాదు, ఎందుకంటే ఆ మాత్ర గుండె వేగాన్ని కట్టిపడేస్తుంది. గడియారంలోని అంకెను అందుకోవాలని పోతే శక్తికి మించి పరుగెత్తవలసివస్తుంది. శ్రమ ఎంతగా అనిపిస్తోందో రోగి చేతే చెప్పించే బోర్గ్ కొలమానం ఒకటుంది. అది 6 నుంచి 20 వరకు ఉంటుంది, మొదట్లో 11 నుంచి 13 మధ్య, అంటే ‘తేలిక’ నుంచి ‘కొంచెం కష్టం’ వరకు ఉంటే చాలంటారు. మా ఊళ్లో అయితే గోవింద నామాలు చెప్పుకుంటూ నడవమంటాను. నామానికీ నామానికీ మధ్య ఊపిరి కోసం ఆగవలసివస్తే వేగం తగ్గించాలి. ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, కళ్లు తిరగడం, అలవాటులేని ఆయాసం వస్తే వెంటనే ఆగి కూర్చోవాలి. నాలుక కింద పెట్టుకునే మాత్ర వైద్యుడు రాసి ఉంటే కూర్చునే వేసుకోవాలి, ఎందుకంటే దానివల్ల బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. అయిదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి.

మా అమ్మకు 74వ ఏట గుండె పంపింగ్ బాగా తగ్గింది. ఇంట్లో అందరూ ఆమెను మంచం దిగనివ్వలేదు, నీళ్లు కూడా మంచం దగ్గరికే తెచ్చిచ్చేవారు. ఒక్క ఆసుపత్రి వాసంతోనే ఆమె తొడల కండ కరిగిపోయింది. గుండె కాస్త కుదుటపడిన తరువాత కూడా నడవలేకపోవడానికి కారణం గుండె కాదు, కాళ్లు. వృద్ధుల విషయంలో దీన్ని ఎంత చెప్పినా తక్కువే. 2021లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో, గుండె వైఫల్యంతో (ఒంటికి కావలసినంత రక్తాన్ని గుండె పంపలేని స్థితితో) ఆసుపత్రిలో చేరిన 60 ఏళ్లు దాటినవారికి నడకతోపాటు కాళ్ల బలం, తూలకుండా నిలబడడం, కదలిక కూడా నేర్పితే వారి శరీర సామర్థ్యం స్పష్టంగా మెరుగుపడింది. మా ఫిజియోథెరపిస్టు చెప్పినవీ అవే: చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని మడమలు ఎత్తడం, వంటగది గట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడడం. ‘ఇది కూడా వ్యాయామమేనా నాయనా’ అని అమ్మ నవ్వేది. కొన్ని వారాలకు తనంతట తాను తులసికోట దాకా వెళ్లిరావడం మొదలుపెట్టింది. గుండె వైఫల్యం ఉన్నవారు రోజూ ఉదయం బరువు చూసుకోవడం కూడా వ్యాయామమంత ముఖ్యం. మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందని అనుమానించి, ఆ రోజు నడక మానేసి వైద్యుడికి చెప్పాలి. నీరు పోయే మాత్రలు వేసుకునేవారు మన వేసవిలో ఎండెక్కాక నడిస్తే బీపీ పడిపోయి కింద పడే ప్రమాదముంది, రక్తం పలచబడే మందులు కూడా తోడైతే ఆ దెబ్బ చిన్నదిగా పోదు. తెల్లవారుజామున ఎస్వీ యూనివర్సిటీ ఆవరణలోని చదునైన రోడ్లు ఇందుకు బాగుంటాయి.

మీ అన్నయ్య విషయంలో నాకు ఆయన గుండెకన్నా ఆయన తొందర గురించే ఆందోళన ఎక్కువ. ఈ వయసువాళ్లు రెండు రకాలు: ఇక జీవితం అయిపోయిందని కదలకుండా కూర్చునేవారు, ఏమీ కాలేదని నిరూపించుకోవడానికి బరువులు ఎత్తేవారు. గుండెపోటు తరువాత మొదట నడక, సైక్లింగ్ వంటివి కొన్ని వారాలు చేసి, ట్రెడ్‌మిల్ పరీక్ష అయ్యాక తేలికపాటి బరువులకు వెళ్లాలి. ఊపిరి బిగబట్టి ఎత్తితే బీపీ అమాంతం పెరుగుతుంది, కాబట్టి ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి. నాలాగా బైపాస్ అయినవారికి ఎదురురొమ్ము ఎముక అతుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది, అప్పటిదాకా నీళ్ల బిందె కూడా ఎత్తకూడదు. అడగడానికి మొహమాటపడే ప్రశ్న ఒకటుంది కనుక నేనే చెబుతాను: రెండంతస్తుల మెట్లు నొప్పీ ఆయాసమూ లేకుండా ఎక్కగలిగితే సాధారణంగా దాంపత్య జీవితానికి అడ్డు ఉండదు, కానీ నైట్రేట్ మాత్రలు (నాలుక కింద పెట్టుకునేవి ఈ రకమే) వాడేవారు పటుత్వం కోసం అమ్మే వయాగ్రా వంటి మాత్రల జోలికి పోకూడదు. యోగా గురించి కూడా అడిగేవారుంటారు. గుండెపోటు నుంచి కోలుకుంటున్నవారిపై దేశంలోని 24 ఆసుపత్రుల్లో జరిగి 2020లో వెలువడిన అధ్యయనంలో, యోగా ఆధారిత పునరావాసం వల్ల మరణాలు, తిరిగి గుండెపోట్లు తగ్గినట్టు రుజువు కాలేదు, అయితే ఆరోగ్యంగా ఉన్నామన్న భావన, మునుపటి పనులకు తిరిగి వెళ్లగలగడం మెరుగుపడ్డాయి. చేయవచ్చు, కానీ నడకనూ మందులనూ మానడానికి అది సాకు కాకూడదు. పొగ తాగే అలవాటుంటే, అది మానకుండా చేసే ఏ వ్యాయామం గురించీ మాట్లాడడం అనవసరం.

పిల్లల సంగతి మీరు అడగలేదు గాని ఒక్కమాట. మా మేనల్లుడికి చిన్నప్పుడే గుండెలో రంధ్రం మూశారు. వైద్యులు ఆడుకోనివ్వమన్నా, బడిలో పీటీ పీరియడులో వాణ్ణి పక్కన కూర్చోబెట్టేవారు. ఆపరేషన్ సవ్యంగా జరిగి, ఏ లోపమూ మిగలలేదని వైద్యులు చెప్పిన పిల్లలు చాలావరకు అందరిలాగే ఆడుకోవచ్చు. అలా అని బడికి ఒక కాగితం రాయించుకోవడం మంచిది. అదే చిన్నప్పుడు వచ్చిన కీళ్లవాత జ్వరం (రుమాటిక్ ఫీవర్) వల్ల గుండె కవాటం (వాల్వు) సన్నబడిన యువతులకు ఆయాసం వస్తుంటే ముందు కవాటానికి చికిత్స కావాలి, వ్యాయామం దాన్ని వెడల్పు చేయలేదు.

ఇక మొక్కు. అలిపిరి దారి సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. శ్రీవారిమెట్టు దారి 2 కిలోమీటర్ల పైచిలుకే, మెట్లు సుమారు 2,400. దగ్గర కదా అని పెద్దవాళ్లను శ్రీవారిమెట్టు వైపు తీసుకువెళ్లేవారిని చూస్తుంటాను, కానీ అదే కొండను తక్కువ దూరంలో ఎక్కడమంటే గుండెకు ఎక్కువ భారమే. 60 ఏళ్లు దాటినవారు, బీపీ, షుగరు, గుండె జబ్బులు ఉన్నవారు కాలినడకన రావద్దని 2024 అక్టోబరులో టీటీడీ కూడా సూచించింది. రెండు నెలలకే నాన్నగారిని మెట్లదారి పట్టించకండి. మొక్కుకు గడువేమీ లేదు. ముందు చదును నేల మీద అరగంట సునాయాసంగా నడవనివ్వండి, తరువాత ఇంటి మెట్లు, ఆ తరువాత ట్రెడ్‌మిల్ పరీక్ష. అది చూసి వైద్యుడు సరేనంటే చల్లని నెలల్లో, మీరు పక్కన ఉండి, మాత్ర జేబులో పెట్టుకుని బయలుదేరండి. అలిపిరి దారిలో గాలిగోపురం దాకా ఎక్కుడు గట్టిగా ఉంటుంది, చివర్లో మోకాళ్ల పర్వతం మరోసారి పరీక్ష పెడుతుంది. నేను బైపాస్ తరువాత ఎక్కినప్పుడు గాలిగోపురం దగ్గర చాలాసేపు కూర్చున్నాను. వైద్యుడు వద్దంటే పాదాల మండపం దగ్గర మొక్కి, నాలుగు మెట్లు ఎక్కి, బస్సులో పైకి వెళ్లిన పెద్దలు మా వీధిలోనే ఉన్నారు. నడిచి ఎక్కినా సరే, దిగడానికి బస్సే ఎక్కించండి. దిగుడులో గుండెకన్నా మోకాళ్లకు పని ఎక్కువ.