రైతు గడప తొక్కే ముందు

అమ్మీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి అంతా చెప్పాడు. విశాఖలో ఉద్యోగం మానేశావట. పిజ్జా షాపులకు సాసూ, ఊరవేసిన మిరప ముక్కలూ సప్లై చేస్తున్నావట. ఇక దిగుమతి డబ్బాలు కొనకుండా, చీపురుపల్లి, రాజాం చుట్టుపక్కల రైతుల చేతే ఆ మెక్సికో మిరప, జలపీనో, వేయిద్దామని తిరుగుతున్నావట. అలాంటి రైతుల్ని ఎక్కడ వెతకాలో నన్ను అడగమన్నావట. మీ నాన్న గొంతులో కోపం ఉంది. నాకు మాత్రం ముందు సంతోషమే వేసింది. చదువుకుని వెళ్ళిన పిల్ల మళ్ళీ మన గట్ల వైపు చూస్తోందని మీ పెద్దమ్మతో రెండుసార్లు అన్నాను. తర్వాత పడుకుంటే నిద్ర పట్టలేదు. మూడింటికి లేచి ఈ కాగితం తీశాను.

పరాయి పంట అని ఎవరైనా భయపెడితే పట్టించుకోకు. అసలు మిరపే సముద్రం దాటి వచ్చింది. పోర్చుగీసు వాళ్ళు తేకముందు మనవాళ్ళు కారానికి మిరియాలే నూరుకునేవారు. ఉద్దానం జీడి కూడా ఆ ఓడల్లో బ్రెజిల్ నుంచి వచ్చిందే. కానీ జీడికి పలాస ఉంది. పిక్క కొనేవాళ్ళు పదిమంది, కొట్టి పప్పు తీసేవాళ్ళు వందలమంది. ఒకడు కాదంటే ఇంకొకడు. నీ మిరపకు కొనేది నువ్వొక్కదానివే. నా టెన్షన్ అంతా అక్కడే.

అందరూ చెప్పే సంగతులు గబగబా చెప్పేస్తాను. మట్టి పరీక్ష చేయించు. ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం, నైర వ్యవసాయ కళాశాల మనకు దగ్గరే. నీళ్ళు నిలిచే వరి మడి వద్దు. హైబ్రిడ్ విత్తనమైతే ఈ ఏటి కాయలో గింజ తీసి వచ్చే ఏడు పోస్తే అదే కాయ రాదని రైతుకు ముందే చెప్పు. నారు ట్రేలలో, నెట్ కింద పెంచించు. తెల్లదోమ నారులోనే అంటితే ఆకుముడత పొలం దాకా వస్తుంది. 2021–22లో నల్ల తామరపురుగు మిరప రైతుల్ని ఎంత ఏడిపించిందో నువ్వు మర్చిపోయినా వాళ్ళు మర్చిపోలేదు. ఆ ప్రశ్న అడుగుతారు, జవాబు దగ్గర పెట్టుకో.

అక్టోబరులో మాత్రం ఎవరి చేతా నాటించకు. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న వచ్చింది. తిత్లీ 2018 అక్టోబరు 11న. తిత్లీ తర్వాత వారానికి పలాస వైపు వెళ్ళాను. ముప్పై ఏళ్ళ కొబ్బరి చెట్లు వరసగా ఒకే దిక్కుకు పడుకుని ఉన్నాయి. ఆ తోటల మధ్య నిలబడిన ఒక పెద్దాయన నాతో ఏమీ మాట్లాడలేదు, చేత్తో చూపించాడంతే. నారు అక్టోబరు ఆఖరున పోయించి, డిసెంబరు మొదట్లో నాటించు. అంతకన్నా ఆలస్యమైతే ఏప్రిల్ ఎండకు పూత రాలిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. మీ నాన్నకు సగమే తెలుసు.

1997లో నేను ఒక ఎగుమతి కంపెనీకి ఫీల్డ్‌మేన్‌గా చేశాను. గెర్కిన్ అని చిన్న దోసకాయ. డ్రమ్ముల్లో ఊరవేసి పై దేశాలకు పంపేవారు. మన దగ్గర దాన్ని ఎవరూ కూర వండుకోరు. ఇరవై ఎకరాలు వేయించమన్నారు, ఎకరానికి ఇంత అని నాకు కమీషన్. నెలలోపు పద్నాలుగు ఇళ్ళు ఒప్పించాను. కష్టపడలేదు. మన ఊరివాడు, అబద్ధం చెప్పడు అనుకున్నారు.

గెర్కిన్‌కు వేలెడంత కాయకే మంచి ధర. రోజూ కోయాలి. ఒక్క రోజు తప్పితే కాయ ముదిరి గ్రేడు దిగిపోతుంది, రెండో రోజుకు కంపెనీ ముట్టుకోదు. విత్తిన ముప్పై అయిదు రోజులకు కోత మొదలు. డిసెంబరు మొదటి వారంలో విత్తించాను. క్యాలెండరు ముందు పెట్టుకుని లెక్క వేశాను అమ్మీ. కోత సరిగ్గా సంక్రాంతికి వస్తోందని నాకు కనిపించింది. చెబితే సగంమంది వెనక్కి తగ్గుతారని చెప్పలేదు. అప్పటికి ఏదోలా చూసుకుందాంలే అనుకున్నాను.

భోగి, పండగ, కనుమ, ముక్కనుమ. మన జిల్లాలో ఆ నాలుగు రోజులూ పొలంలో దిగేవాళ్ళు ఎవరు? చెన్నై, హైదరాబాద్ వలస పోయినవాళ్ళు పిల్లలతో ఇళ్ళకు వచ్చే రోజులవి. ఎవరూ కోయలేదు. నేనూ మీ పెద్దమ్మతో అత్తారింట్లో ఉన్నాను. తిరిగొచ్చి చూస్తే తీగలకు మోచేతి లావున పసుపు కాయలు వేలాడుతున్నాయి. కాయ ముదిరాక తీగ కొత్త పూత కూడా తగ్గించేసింది. లారీ వచ్చింది. గ్రేడింగ్ బల్ల దగ్గర మనిషి పది గంపలు చూసి ఒక గంప తీసుకున్నాడు. మిగతావి గట్టు మీద పోశారు. పశువులు కూడా రెండోరోజుకి మొహం తిప్పుకున్నాయి.

వాళ్ళలో ఒకామె కౌలు రైతు. అరెకరం. తీగలు పాకించడానికి కర్రలకూ పురికొసకూ చెవి కమ్మలు తాకట్టు పెట్టింది. ఆమె గొడవ పడలేదు. ఖాళీ గంప చంకన పెట్టుకుని నా దగ్గరకు వచ్చి, "పండగొస్తాదని నీకు ఎరక నేదా బాబూ?" అంది.

ఆ మాట కంపెనీని అడగలేదు, నన్ను అడిగింది. ఆమె విత్తింది కంపెనీని చూసి కాదు. నేను తల వంచుకుని నిలబడ్డాను. రెండేళ్ళ తర్వాత కమ్మలు విడిపించుకోమని డబ్బు పట్టుకెళితే, మజ్జిగ ఇచ్చింది, యోగక్షేమాలు అడిగింది, డబ్బు మాత్రం పుచ్చుకోలేదు. ఆ వీధిలోంచి వెళ్ళాల్సి వస్తే ఇప్పటికీ చెరువు గట్టు మీదుగా చుట్టు తిరిగి పోతాను.

అందుకే అడుగుతున్నాను, నువ్వు వద్దన్న కాయ ఎక్కడికి పోతుంది? మొన్నామధ్య మీ నాన్న నీ కుండీల్లో కాసిన గుప్పెడు కాయలు తెచ్చి ఇచ్చాడు కదా, వాటిని డాబా మీద ఎండబెట్టి చూశాను. మన గుంటూరు రకాల్లా ఎండవు. కండ మందం, లోపల తడి ఆరక బూజు పట్టింది. మెక్సికోలో పొగబెట్టి ఎండబెట్టేది అందుకేనట. అంటే ధర లేనప్పుడు ఎండబెట్టి దాచుకునే దారి మన రైతుకు లేదు. సంతలో పెడితే కారం చాలదని మన ఆడవాళ్ళు కొనరు. మిగిలిన నాలుగు కాయలు మీ పెద్దమ్మ శనగపిండిలో ముంచి బజ్జీలు వేసింది. బావున్నాయి, కండ ఉంది కాబట్టి. బజ్జీ బండ్ల వాళ్ళతో ఇప్పుడే మాట్లాడి ఉంచు. కొద్దిపాటి సరుకైనా అటు పోతుంది.

కాయ తొడిమ దగ్గర సన్నటి గోధుమరంగు గీతలు వస్తాయి. అది తెగులు కాదు, కాయ పెరుగుతుంటే తోలు చిట్లి మానిన గుర్తు. మెక్సికోలో ఆ గీతలున్న కాయనే మెచ్చుకుంటారు. నీ పిజ్జా షాపువాడు మచ్చ అంటాడు. నీకు సాసు పని ఉంది కాబట్టి, గీతల కాయా, పండిన ఎర్ర కాయా సాసుకు తీసుకుంటానని కాగితం మీద రాసివ్వు. రెండు ధరలు, నాటకముందే, కిలోకి ఇంత అని. డబ్బు కాటా దగ్గరే ఫోన్‌లో వేసెయ్. "వారం తర్వాత" అనే మాట నీ నోట రాకూడదు.

అగ్రిమెంటు ఇంగ్లీషులో టైపు చేయించావట! ఏం పని అది? వేలిముద్ర వేసే మనిషి చేతిలో ఇంగ్లీషు కాగితం పెడతావా? తెలుగులో రాయి, ఒక పేజీ మించకు, గట్టు మీద కూర్చుని చదివి వినిపించు. సంతకం పొలం చేసే మనిషితో చేయించు, పట్టా ఉన్నవాడితో కాదు. కౌలు రైతుకు 2019 చట్టం ప్రకారం 11 నెలల సాగు హక్కు కార్డు ఇస్తారు. లేకపోతే తీయించుకోవడానికి నువ్వే వెంట వెళ్ళు.

రైతుల్ని ఎక్కడ వెతకాలి అని కదా నీ ప్రశ్న. పెద్ద కామందుల అరుగుల మీద వెతకకు, నేను అక్కడే వెతికాను. తెల్లవారుజామున రైతు బజారుకు వెళ్ళు. ఏమీ కొనకు, వారం రోజులు ఊరికే చూడు. వంకాయల్ని చెప్పకుండానే సైజువారీగా వేరుచేసి గంపలో పేర్చుకుని వచ్చే మనిషి ఒకరిద్దరు కనిపిస్తారు. వాళ్ళే నీ రైతులు. ఇంట్లో కోతకు ఎన్ని చేతులున్నాయో అడుగు. మార్చి దాటితే ఉపాధి హామీ పనులు మొదలై కూలీలు దొరకరు. ఎవరి చేతా పది సెంట్లకు మించి వేయించకు. అప్పు చేసి వేస్తానంటే వద్దని చెప్పు, ఎంత బతిమాలినా సరే.

ఎక్కువ తిట్టానా? నీకు ఆరేళ్ళప్పుడు మన పెరట్లో పందిరి చిక్కుడు పాదుకు నీళ్ళు పోస్తానని బిందె మీద వేసుకుని తడిసిపోయావు. ఆ పెరడు అలాగే ఉంది. రెండు మళ్ళు తవ్వించి పశువుల ఎరువు వేసి ఉంచుతాను. మొదటి నారు అక్కడే పోద్దాం. చచ్చినా బతికినా మన నారే. ఆదివారం రా. ఆ ఇంగ్లీషు కాగితం కూడా తీసుకురా, ఇద్దరం కూర్చుని తెలుగులో రాద్దాం. మీ నాన్నతో నేను మాట్లాడతాను.

నీ పెదనాన్న