నక్షత్రాల బిస్కెట్లు ఓవెన్‌లో పరుచుకుపోతుంటే

నక్షత్రం ఆకారంలో కోసిన బిస్కెట్లు ఓవెన్‌లోకి వెళ్లగానే గుండ్రంగా అయిపోతున్నాయి, ఎందుకని అడిగారు కదా. కారణం దాదాపుగా వెన్నే. అంచులు గట్టిపడేలోపే అది కరిగి పారుతోంది. పిండిముద్దను ఫ్రిజ్‌లో పెట్టానన్నారు, మంచిదే, కానీ చాలదు. కర్రతో ఒత్తి, అచ్చుతో కోసేసరికి మళ్లీ మెత్తబడిపోతుంది.

1. కోసిన ముక్కల్ని ట్రేతో సహా 15-20 నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టండి. అందరూ వదిలేసేది ఇదే. వేలితో తాకితే నక్షత్రం కొన గట్టిగా ఉండాలి, వంగకూడదు.
2. ఈలోగా ఓవెన్ 180 డిగ్రీలకు వేడెక్కాలి. ఫ్రీజర్‌లోంచి తీసి నేరుగా లోపలికే.
3. రెండో వాయికి ట్రే పూర్తిగా చల్లారనివ్వండి. నేనో వాయి మొత్తం ఇక్కడే పాడుచేశాను.

బేకింగ్ పౌడర్ వేస్తుంటే మానేయండి, అచ్చుతో కోసే బిస్కెట్లకు అది అక్కర్లేదు.