స్లాబు సంగతి తర్వాత, ముందు ఆయన అన్న మాట సంగతి చూడండి

ప్రశ్న: మా పెళ్లయి పదకొండేళ్లు. ఇద్దరు పిల్లలు. నిరుడు మార్చిలో హైదరాబాద్‌లో పన్నెండేళ్ల పాత అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు ఫ్లాట్ కొన్నాం. లోన్ 40 లక్షలు, నెలకు 36 వేల ఈఎంఐ. మా నాన్నగారు ఎనిమిది లక్షలు ఇచ్చారు. చూసినప్పుడు కొత్త రంగులు, ఫాల్స్ సీలింగ్‌తో ఇల్లు ధగధగలాడింది. జులైలో వానలు పడగానే హాల్లో, పిల్లల గదిలో కారడం మొదలైంది. సీలింగ్ విప్పిస్తే లోపలంతా పాత మరకలే. కారు పార్కింగ్ అని చూపించిన చోటు వేరేవాళ్లదట. పాత ఓనర్ రెండేళ్ల మెయింటెనెన్స్ బాకీ కూడా మా నెత్తిన పడింది. అసోసియేషన్ వాళ్లు ‘మా ఇళ్లలో కారట్లేదుగా’ అంటున్నారు. అత్తగారు వాస్తు దోషం అంటున్నారు. ఆ ఇల్లు వద్దని నేను ముందే అన్నాను, మా వారు వినలేదు. ఇప్పుడు రోజూ గొడవే. కొన్ని నెలలుగా ఆయనకు నిద్ర లేదు, ఎవరితోనూ మాట్లాడరు. ‘నేను పోతే ఇన్సూరెన్స్‌తో లోన్ తీరిపోతుంది, మీరైనా హాయిగా ఉంటారు’ అని ఒకసారి అన్నారు. ఇల్లు కారుతున్న సంగతి మా నాన్నకు చెప్పనని ఒట్టు వేయించుకున్నారు. వేసవిలో రంగులేయించి, ఎవరికీ చెప్పకుండా అమ్మేద్దాం అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. ఏం చేయాలి?

జవాబు: మీ ఉత్తరంలో ఇంటి గురించి బోలెడు రాశారు. ఆయన అన్న మాటకు మాత్రం ఒక్క వాక్యం. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

చిరాకులో అన్నారని మీరు సర్దుకుని ఉండొచ్చు. అది నిజమూ కావచ్చు. కానీ నెలల తరబడి నిద్ర లేకపోవడం, మనుషులతో మాటలు తగ్గిపోవడం, తన వల్లే ఇంటిల్లిపాదీ మునిగిపోయారన్న బాధ, వాటి మీద ‘నేను పోతే లోన్ తీరుతుంది’ అన్న లెక్క... ఇవన్నీ ఒక మనిషిలో కనిపిస్తే మేం తేలిగ్గా తీసుకోం. మీరూ తీసుకోవద్దు.

ఈ రాత్రి పిల్లలు పడుకున్నాక పక్కన కూర్చుని సూటిగా అడగండి. ‘ఆ రోజు నేను పోతే అన్నారు కదా, నిజంగా చనిపోవాలని అనిపిస్తోందా?’ అనే అడగండి. మనం అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని చాలామంది భయపడతారు. అలా జరగదు. ఎవరూ అడగకపోవడమే ఆ మనిషిని ఇంకా ఒంటరిని చేస్తుంది. అవును అన్నా, అవుననకుండా కన్నీళ్లు పెట్టుకున్నా, ఆయన్ని ఒంటరిగా వదలకండి. ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లండి. రాత్రి వేళ అయితే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లొచ్చు. కేంద్ర ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఆయన చేయకపోతే మీరే చేసి ఏం చేయాలో అడగొచ్చు.

అలాంటిదేమీ లేదని గట్టిగా చెప్పినా డాక్టర్‌ని కలవడం వాయిదా వేయకండి. ‘నాకేమైనా పిచ్చా’ అంటారేమో. నిద్ర కోసం వెళ్దామనండి, మీకు అలవాటైన డాక్టర్‌తోనే మొదలుపెట్టండి. ఇన్సూరెన్స్ డబ్బు వస్తుందా రాదా అన్న చర్చలోకి మాత్రం దిగకండి. ఆ మాట మళ్లీ వస్తే ‘లోన్ తీరాల్సిన పని లేదు, మీరు ఉండాలి’ అంటే సరిపోతుంది.

ఇక ‘నేను ముందే అన్నాను’ సంగతి. మీరు అన్నది నిజమే. మీ మాట వినకపోవడం ఆయన చేసిన తప్పే, దానికి మీకు కోపం రావడంలో అన్యాయమేమీ లేదు. అయితే ఆ మాట ఇప్పటికి ఎన్నిసార్లు ఆయన చెవిన పడిందో ఆలోచించండి. మన ఇళ్లలో ఇల్లు కొనడమంటే మగవాడికి పరీక్ష పెట్టినట్టే చూస్తారు. అందులో మోసపోతే డబ్బుతో పాటు పరువూ పోయిందనుకుంటారు. ‘ఇల్లు కట్టి చూడు’ అన్న పెద్దలు పాత ఫ్లాట్ కొని చూడమని ఎక్కడా అనలేదు, అప్పటికి ఫాల్స్ సీలింగులు లేవు మరి. మరకలు కనబడకుండా సీలింగ్ కట్టించింది మీ వారు కాదు, పాత ఓనర్. మీ కోపంలో పెద్ద వాటా అటు వెళ్లాలి. ఒకసారి, ఒక్కసారే, మీ బాధంతా ఆయనకు చెప్పుకోండి. ‘నా మాట వినకపోవడం నాకు కష్టంగా ఉంది, ఇకపై పెద్ద ఖర్చు ఏదైనా ఇద్దరం ఒప్పుకుంటేనే’ అని తేల్చుకోండి. ఆ తర్వాత రోజూ సాయంత్రం ఆ కేసు మళ్లీ తెరవొద్దు.

మీ నాన్నగారి విషయం నన్ను కొంచెం ఇబ్బంది పెడుతోంది. ఆయనకు చాటుగా చెప్పేయమని అనను. ఒట్టు పట్టుకుని ఏళ్ల తరబడి నటించమనీ అనను. మీ వారితోనే ‘ఈ ఒట్టు నేను మోయలేకపోతున్నాను, ఇద్దరం కలిసి చెబుదాం’ అనండి. మాట్లాడేది అల్లుడే అయితే ఇంకా మంచిది. ‘ఇల్లు కారుతోంది మామయ్యా, మోసపోయాం, బాగుచేయించుకునే పనిలో ఉన్నాం’ అంటే చాలు. ఎనిమిది లక్షలు అప్పుగా ఇచ్చారా, కూతురికని ఇచ్చారా అన్నది కూడా అప్పుడే తేల్చుకుంటే మీ ఇద్దరి మధ్యా ఒక ముల్లు తగ్గుతుంది. ఒక్క మినహాయింపు: ప్రాణం మీదికి వచ్చేలా అనిపిస్తే ఒట్టూ గిట్టూ చూడకుండా నాన్నగారికి, మీ అత్తగారికి ఫోన్ చేయండి.

అత్తగారి వాస్తుతో వాదన పెట్టుకోకండి. స్లాబు పని అయ్యాక పూజ చేయిద్దామంటే ఆవిడకూ సరిపోతుంది.

ఇప్పుడు ఇల్లు. పైకప్పు కారితే ఖర్చంతా పై అంతస్తు వాళ్లదేనని కింది ఫ్లాట్ల వాళ్లు అనుకోవడం మామూలే. మీ సేల్ డీడ్ తీసి చూడండి. టెర్రస్‌ను ఎవరికీ విడిగా అమ్మకుండా అందరికీ ఉమ్మడిగా రాసి ఉంటే, దాని రిపేరు కూడా అందరిదీ. పోట్లాటకు దిగకుండా అసోసియేషన్‌కు ఫోటోలు జతచేసి ఉత్తరం ఇవ్వండి, అందిందని సంతకం తీసుకోండి. అంతకంటే ముందు ఒక సివిల్ ఇంజనీర్‌కు ఫీజు ఇచ్చి చూపించండి. కోటింగ్ అమ్ముకునే కంపెనీ మనిషిని పిలిస్తే కోటింగ్ వేయమనే చెబుతాడు. టెర్రస్ మీద ఒక రోజో రెండు రోజులో నీళ్లు కట్టి చూస్తే తప్పు స్లాబుదా, పిట్టగోడ మూలదా, నీళ్లు పోయే పైపుదా తెలుస్తుంది. వాన లేనప్పుడూ తడి కనిపిస్తుంటే పైన ఉన్న ట్యాంకును అనుమానించాలి. పెచ్చులు ఊడి ఇనుప చువ్వలు బయటపడిన చోట మాత్రం పిల్లల్ని పడుకోబెట్టకండి, ఆ రిపేరు వాయిదా వేయకండి. వాటర్‌ప్రూఫింగ్ పైనుంచే చేయించాలి. లోపలి నుంచి వేసే రంగు మరకను దాస్తుంది, నీటిని ఆపదు.

బాకీ విషయంలో, అమ్మేముందు బాకీలు లేవని పాత ఓనర్ సేల్ డీడ్‌లో రాసిచ్చి ఉంటే ఆ డబ్బు ఆయన్నుంచి అడగొచ్చు. పార్కింగ్‌కు మీ డీడ్‌లో ఏముందో అదే ముఖ్యం. మాట మీద చూపించిన చోటుకు బలం తక్కువ. స్టిల్ట్ పార్కింగ్‌ను, అంటే అపార్ట్‌మెంట్ కింద పిల్లర్ల మధ్య ఉండే పార్కింగ్ చోటును, బిల్డర్ విడిగా అమ్ముకోకూడదని 2010లో సుప్రీంకోర్టు ఒక ముంబయి కేసులో తేల్చింది కాబట్టి, ‘అది మాదే’ అంటున్న వాళ్ల కాగితాలు కూడా ఒకసారి అడిగి చూడండి.

పాత ఓనర్ మీద కేసు వేయొచ్చా అంటే, వేయొచ్చు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, కొనేవాడు మామూలు జాగ్రత్తతో చూసినా కనిపెట్టలేని పెద్ద లోపం అమ్మేవాడికి తెలిసి ఉంటే చెప్పి తీరాలి. సీలింగ్ విప్పినప్పటి ఫోటోలు, వీడియోలు, కొనేటప్పటి వాట్సాప్ మెసేజీలు, ప్రకటన జాగ్రత్త చేయండి. కేసులు ఏళ్లు పడతాయి. అందుకే ముందు లాయర్ నోటీసు ఇచ్చి, రిపేరు ఖర్చులో కొంతైనా రాబట్టుకోవడం మీద దృష్టి పెట్టమంటాను. ఈ మనసుతో ఉన్న మనిషిని కోర్టు మెట్లెక్కించడం నాకిష్టం లేదు. కాగితాలు వెతికే పని ఆయనకివ్వండి, అసోసియేషన్‌తో మాటలు మీరు చూసుకోండి.

అదే 55వ సెక్షన్ రేపు మీకూ వర్తిస్తుంది. రంగులేయించి, చెప్పకుండా అమ్మితే నోటీసు మీ ఇంటికొస్తుంది. మీ మనసు ఒప్పకపోవడం చాదస్తం కాదు. డబ్బు లెక్కా ఆయన అనుకున్నంత లాభంగా లేదు. తెలంగాణలో ఫ్లాటుకు స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి ఏడున్నర శాతం కట్టి ఉంటారు, అది తిరిగి రాదు. వడ్డీ 9 శాతం అనుకుంటే, ఇరవై ఏళ్ల లోన్‌లో మీ తొలి ఈఎంఐలో 30 వేల దాకా వడ్డీకే పోయింది, అసలు తగ్గింది ఆరు వేలే. సెక్షన్ 80సీ కింద అసలుకు పన్ను మినహాయింపు తీసుకుని ఉంటే, అయిదేళ్లలోపు అమ్మితే అది కూడా వెనక్కి కట్టాలి.

అందుకని ఈ వేసవిలో అమ్మకం ఆలోచన పక్కన పెట్టి, పైనుంచి పని చేయించండి. వచ్చే వానాకాలం ఎలా గడుస్తుందో చూడండి. ఆ తర్వాత కూడా ఇద్దరికీ ఆ ఇంట్లో ఉండబుద్ధి కాకపోతే అమ్మేయండి. ఇంజనీర్ రిపోర్టు, పని చేసినవాళ్ల బిల్లు, గ్యారంటీ కాగితం కొనేవాళ్ల చేతికిచ్చి అమ్మండి. ధర కొంత తగ్గొచ్చు, తగ్గనివ్వండి.