కంపైలర్‌కు ప్రతిపాదన రాస్తున్న తమ్ముడికి

చిరంజీవికి, ఆశీస్సులు.

నీ ఉత్తరంతో పాటు పంపిన ముసాయిదాను రెండుసార్లు చదివాను. రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఫంక్షన్ పారామీటర్లకు డిఫాల్ట్ విలువలు, అంటే పిలిచేవారు ఏమీ ఇవ్వనప్పుడు వాటంతటవే వర్తించే విలువలు, ఇచ్చే వీలుండాలని నీ కోరిక. దానికోసం రెండు నెలలు కూర్చొని కంపైలర్‌లో (ప్రోగ్రామును యంత్రం నడపగల రూపంలోకి మార్చే సాధనంలో) కోడ్ కూడా రాసేశావు. కోడ్ శుభ్రంగా ఉంది. కానీ పద్నాలుగు పేజీల ముసాయిదాలో పన్నెండు పేజీలు ఆ ఫీచర్ ఎలా పనిచేస్తుందో వివరిస్తుంటే, అది లేనందువల్ల ఎవరు ఏ ఇబ్బంది పడుతున్నారో చెప్పడానికి మిగిలింది ఒక్క పేరా, అందులోనూ సగం "ఇతర భాషల్లో ఉంది కదా" అన్న వాదనే.

ఈ కోరిక నీతో మొదలైంది కాదు. ప్రాజెక్టులో దీనిమీద 2014 నుంచీ చర్చ నడుస్తూనే ఉంది, కాబట్టి నీ ప్రతిపాదన చదివేవారు అదే వాదనను ఇదివరకే చాలాసార్లు విని ఉంటారు. వారికి కావలసింది నిజమైన లైబ్రరీల నుంచి తీసుకున్న నాలుగైదు ఉదాహరణలు: విలువలను ఒక్కొక్కటిగా అమర్చే బిల్డర్ పద్ధతిలో ఎన్ని లైన్లు రాయవలసి వస్తోంది, విలువ ఉండవచ్చు, లేకపోవచ్చు అని చెప్పే ఆప్షన్ రకాన్ని పారామీటరుగా పెట్టుకుంటే పిలిచేచోట ఎంత గజిబిజి అవుతోంది, మాక్రోతో (కోడ్‌ను పుట్టించే కోడ్‌తో) సరిపెట్టుకుంటే దోష సందేశాలు ఎంత అర్థంకాకుండా వస్తున్నాయి. ఇవి చూపిస్తే సమస్య ఉందని ఒప్పుకుంటారు. పరిష్కారం నీదే కానక్కరలేదని కూడా అప్పుడే అంటారు, దానికి నువ్వు నొచ్చుకోకూడదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది "లోపాలు" అన్న శీర్షిక కింద నువ్వు రాసిన "ఏమీ లేవు" అన్న రెండు మాటలు. ఆర్‌ఎఫ్‌సీ (రస్ట్‌లో మార్పులకు రాసే ప్రతిపాదన పత్రం) నమూనాలో ప్రేరణ, ప్రత్యామ్నాయాలు, ఇతర భాషల అనుభవం, తేలని ప్రశ్నలు అంటూ భాగాలు పెట్టింది ఖాళీలు పూరించడానికి కాదు. లోపాలు లేవని రాసినవాడు వాటిని వెతకలేదన్నమాట, వెతికే పని ఇక తమ మీద పడిందన్నమాట అని చదివేవారికి ఆ క్షణంలోనే తెలిసిపోతుంది. చాలా ఏళ్ల కిందట, పేరు చెప్పను గాని, ఒక కంపైలర్ ప్రాజెక్టుకు నేను మూడు వేల లైన్ల ప్యాచ్‌ను ఒక్కసారిగా పంపాను. మూడు వారాలు ఎవరూ పలకలేదు. ఆ తర్వాత వచ్చిన జవాబులో ఒకే ప్రశ్న ఉంది: మీకు దీనిమీద ఆసక్తి తగ్గాక దీన్ని ఎవరు చూసుకుంటారు అని. ఆ రోజు నాకు చాలా కోపం వచ్చింది. ఇప్పుడు అదే ప్రశ్న నేను ఇతరులను అడుగుతున్నాను, ఎందుకంటే ఒక ఫీచర్‌ను ఒప్పుకోవడమంటే దాన్ని ఏళ్లతరబడి మోయడానికి ఒప్పుకోవడం. మోసేవారిలో చాలామంది తీరిక వేళల్లో పనిచేసేవారు.

చిన్నదిగా కనిపించే కోరిక కింద ఎంత లోతు ఉంటుందో మన లిపికి సంబంధించిన ఉదాహరణతోనే చెబుతాను. రస్ట్ ప్రోగ్రాముల్లో వేరియబుళ్ల పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లోనే కాక ఇతర లిపుల్లోనూ రాసుకోనివ్వాలన్న ప్రతిపాదన 2018లో వచ్చింది. స్థిరమైన కంపైలర్‌లోకి అది చేరింది 2021 జూన్‌లో, 1.53 కూర్పుతో. యూనికోడ్ అక్షరాలను అనుమతిస్తే సరిపోదా అని నీకు అనిపించవచ్చు. కానీ మన ఐత్వాన్నే చూడు: యూనికోడ్‌లో దానికి ఒక సొంత సంకేతం ఉంది, ఎత్వానికి మరో గుర్తును చేర్చి రెండు సంకేతాలుగానూ దాన్ని రాయవచ్చు. కంటికి రెండూ ఒక్కటే. కంపైలర్‌కు మాత్రం ముందుగా వాటిని ఒకే రూపంలోకి తెస్తే తప్ప అవి రెండు వేర్వేరు పేర్లు. "సాఫ్ట్‌వేర్" అని మనం రాసేటప్పుడు మధ్యలో కంటికి కనబడని ఒక విడదీసే గుర్తు ఉంటుంది. దాన్ని పేర్లలో అనుమతిస్తే కనబడని తేడాతో రెండు పేర్లు పుట్టుకొస్తాయి, అనుమతించకపోతే మనం రోజూ రాసే మాట పేరుగా పనికిరాదు. రస్ట్ ఆ గుర్తును నిషేధించింది. తెలుగువాడిగా నాకది కొంచెం వెలితిగానే ఉంటుంది, అయినా ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేను. ఇవన్నీ కాక, తెలుగు, కన్నడ లిపుల్లో ఉన్నట్టు ఒకేలా కనిపించే అక్షరాల గురించి హెచ్చరికలు ఎలా ఇవ్వాలన్నది మరో పెద్ద చర్చ.

ఇప్పుడు నీ ఫీచర్‌ను అదే చూపుతో పరీక్షించు. డిఫాల్ట్ ఉన్న ఫంక్షన్‌ను ఒక విలువగా మరో ఫంక్షన్‌కు అందిస్తే దాని రకంలో ఎన్ని పారామీటర్లు ఉన్నట్టు? ట్రెయిట్‌లో (రకాలు అమలు చేయవలసిన ఫంక్షన్ల ఒప్పందంలో) ఒక డిఫాల్ట్, దాని అమలులో మరొకటి ఉంటే ఏది చెల్లుతుంది? లైబ్రరీ రచయిత డిఫాల్ట్ విలువ మార్చితే దాన్ని వాడేవారి ప్రోగ్రాములు చడీచప్పుడు లేకుండా వేరేలా నడవడం సమ్మతమేనా? పైథాన్‌లో డిఫాల్ట్ విలువను ఫంక్షన్ నిర్వచించినప్పుడు ఒక్కసారే లెక్కిస్తారు. ఖాళీ జాబితాను డిఫాల్ట్‌గా పెట్టి, పిలిచిన ప్రతిసారీ అది పెరుగుతూ పోవడం చూసి తలపట్టుకోని పైథాన్ ప్రోగ్రామర్లు తక్కువ. సీ ప్లస్ ప్లస్‌లో పిలిచిన ప్రతిసారీ లెక్కిస్తారు. నువ్వు ఏది ఎంచుకున్నావో ముసాయిదాలో ఎక్కడా లేదు. నీ కోడ్ చదివితే మాత్రం తెలిసింది. ప్రతిపాదన చదివేవారు కోడ్ దాకా రావలసిన అవసరం ఉండకూడదు.

అంతా సవ్యంగా సాగితే భాషా బృందంలో ఒకరు ఆమోదానికి సిఫారసు చేస్తారు, తక్కినవారు సమ్మతి తెలుపుతారు, ఆపై తుది వ్యాఖ్యల కోసం పది రోజుల గడువు నడుస్తుంది. అది దాటినా నీ ఫీచర్ కొంతకాలం నైట్లీ అనే ప్రయోగాత్మక కూర్పులో, కావాలని తెరుచుకున్నవారికి మాత్రమే అందే గేటు వెనకాలే ఉంటుంది. పాత ప్రోగ్రాములు దెబ్బతింటాయన్న అనుమానముంటే క్రేటర్ అనే సాధనంతో, బహిరంగంగా ఉన్న రస్ట్ లైబ్రరీలను పాత కంపైలర్‌తో ఒకసారి, కొత్తదానితో ఒకసారి నిర్మించి చూస్తారు. ఆరు వారాలకో కొత్త కూర్పు వస్తుంది కదా అని ఆశపడకు: జెనెరిక్ అసోసియేటెడ్ టైప్స్ అనే మరో ఫీచర్ ప్రతిపాదన 2016లో వస్తే, స్థిరమైన కంపైలర్‌లో కనబడింది 2022 నవంబరులో, 1.65 కూర్పులో.

చర్చలో ఎవరైనా ఒక అభ్యంతరం లేవనెత్తితే కింద జవాబు రాసి ఊరుకోకుండా, ప్రతిపాదన పాఠంలోనే దాన్ని చేర్చు, ఎవరి వాదన మేలైందో నిజాయితీగా రాయి. వందల వ్యాఖ్యల తర్వాత వచ్చేవారు పాఠం మాత్రమే చదువుతారు. ఈలోగా, తికమకపెట్టే దోష సందేశం ఒకటి వెతికి, దాన్ని సరిచేసి, దానికి పరీక్ష రాసి పంపు. ఇది చిన్న పనే అనిపిస్తుంది గాని, టెస్టుల అమరిక, సమీక్షకుల అలవాట్లు నాకు తెలిసిందీ, నా మాటకు వారి దగ్గర విలువ ఏర్పడిందీ అటువంటి పనులతోనే.

ప్రేరణ, లోపాలు, ఈ రెండు భాగాలను మళ్లీ రాసి, కోడ్ జతచేయకుండా నాకు పంపు. డిఫాల్ట్ విలువను ఎప్పుడు లెక్కించాలన్న ప్రశ్నకు నీ జవాబు ఏమిటో చూడాలని ఉంది.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి